వేయించిన విత్తనం మొలిచింది

"చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నాగరాజు ఈ ప్రశ్న అడగడం నిన్న సాయంత్రం నుంచి ఇది పదకొండోసారి. చేతిలో వ్యాను తాళాలు ఎగరేసి పట్టుకుంటున్నాడు. వ్యానూ కదలడం లేదు, తల్లీ కదలడం లేదు.

దాసమ్మ పెరట్లో రోటి ముందు కూర్చుని పొత్రం కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది. ఆ రాయికి నోరుంటే, "తల్లీ, ఇంక చాలు, పడిశం పట్టేట్టుంది" అని మొత్తుకునేది.

"మా, నిన్నే అడిగేది."

"గమ్మునుండప్పా. గోడవతల కుళ్ళాయమ్మ ఉండాది."

"యాడికి పోతా దాసమ్మక్కా, ఈడనే ఉండా!" గోడవతల నుంచి జవాబు ఠపీమని వచ్చింది. "మీరు మాట్లాడుకోండి. నేనేం వినడంలే."

తల్లీకొడుకులు గొంతులు తగ్గించారు. పెనుకొండలో ఆ వీధిలో ఎవరైనా గొంతు తగ్గించారంటే సంగతి పెద్దదని లెక్క. గోడవతల గిన్నెలు తోమే చప్పుడు కూడా చప్పున ఆగిపోయింది.

సంగతి పెద్దదే. పది గంటలకల్లా కోడలు మాధవీలత తన పీహెచ్‌డీ గైడును వెంటబెట్టుకుని వచ్చేస్తుంది. ఆ గైడు, సుధ మేడమ్, నిన్న ధర్మవరంలో రైలు దిగి మాధవీలత పుట్టింట్లోనే బస చేసింది. ఈపాటికి మగ్గాలు చూసి, టిఫిన్ ముగించి, కారెక్కడానికి తయారవుతూ ఉంటుంది. ఆవిడ వచ్చేది తొలిమిండి అనే ఆచారం కళ్ళారా చూడ్డానికి. నాలుగేళ్ళుగా మాధవీలత రాస్తున్న సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం మొత్తం తొలిమిండే. ఆ గ్రంథం యూనివర్సిటీకి అప్పజెప్పడానికి ఇంక పది రోజులే గడువు.

చిక్కల్లా ఒక్కటే. తొలిమిండి అనే ఆచారం లేదు. పోయినేడు జూన్‌లో, పొయ్యి ముందు నిలబడి, దాసమ్మే దాన్ని కన్నది. ఆ సంగతి నిన్న సాయంత్రమే కొడుకు దగ్గర ఒప్పుకుంది.

అది పుట్టిన తీరు చెప్పాలి.

వీళ్ళ చేను చాలావరకు గుత్తకిచ్చేసి పన్నెండేళ్ళయింది. దాసమ్మ భర్త తిమ్మప్ప రెండెకరాలు మాత్రం పట్టుకుని వేలాడుతూ ఏటా వేరుశనగ వేస్తాడు. వాన పడితే పంట, పడకపోతే తంటా. విత్తనానికని ఒలిచిన గింజలు ఒక స్టీలు డబ్బాలో, వంటకని ఒలిచినవి ఇంకో స్టీలు డబ్బాలో ఉంటాయి. రెండూ ఒకే పెళ్ళిలో చదివింపులుగా వచ్చిన కవల డబ్బాలు. ఆ పొద్దు చెయ్యి ఒక డబ్బా బదులు ఇంకో డబ్బా మీద పడింది. శేరు విత్తనాలు బాణలిలో కమ్మగా వేగి, దోరగా ఎర్రబడ్డాయి. వాటికింకా పురుగుమందు పట్టించలేదు కాబట్టి ఇంటిల్లిపాదీ బతికిపోయారు.

వేరుశనగ బుడ్డలు పండించే ఇంట్లో విత్తనం వేయించడమంటే మామూలు తప్పు కాదు. కరువు ఏడాదుల్లో దాసమ్మ పుట్టింటివాళ్ళు విత్తనాల మూట తలకింద పెట్టుకుని ఆకలితో పడుకున్నారు గానీ, అందులో ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఆ ఇంట పుట్టిన దాసమ్మ గరిటె పట్టుకుని బిగుసుకుపోయిన నిమిషంలోనే మాధవీలత వంటింట్లోకి వచ్చింది.

"అత్తమ్మా, ఇవి విత్తనాలు గదా! వేయించినారేం?"

"పొరపాటయ్యింది" అనాలి. ఆ మాట దాసమ్మ గొంతులో బయల్దేరింది కూడా. పళ్ళ దాకా వచ్చి, ధర్మవరం జంక్షన్లో రైలు పట్టా మారినట్టు మారిపోయింది. దాసమ్మ కోడలి కళ్ళలోకి చూసి నవ్వింది.

"ఇది మా పుట్టింటి ఆచారం పాపా. విత్తే ముందర శేరు విత్తనం వేయించి, ఊరిమిండి నూరి, తొలి ముద్ద పక్కింటికి పంపల్ల. ఆమీటనే మనం తినేది. తొలిమిండి అంటారు. మా పెద్దమ్మ చౌడక్క నేర్పిండాది."

ఆచారం పుట్టడానికి తరాలు పడతాయంటారు. ఇది గరిటె తిప్పినంతసేపట్లో పుట్టింది.

మాధవీలత కళ్ళు వెలిగాయి. నోట్‌బుక్కు వచ్చింది, పెన్ను వచ్చింది. మాట నిలబెట్టుకోవడానికి దాసమ్మ ఒక గిన్నెడు ఊరిమిండి, అంటే వేరుశనగ పచ్చడి, కుళ్ళాయమ్మకు పంపింది. కుళ్ళాయమ్మ ఖాళీ గిన్నె తిరిగిచ్చే మనిషి కాదు. తన విత్తనాల్లోంచి పిడికెడు అందులో పోసి పంపింది. మాధవీలత అదీ రాసుకుంది. ఆ సాయంత్రమే వాన దంచింది. ఇంకేముంది! ఈ జూన్ వచ్చేసరికి ఊరిమిండి ఊరి నిండా పాకింది.

కోడలిది నేతింటి పుట్టుక, అత్తది కోతలింటి పుట్టుక. అత్త కోసింది, కోడలు నేసింది. అధ్యాయం తయారైంది.

ఆ అధ్యాయంలో ఒక పేజీ మాధవీలత చదివి వినిపించింది కూడా. చేను వదిలి టౌనుకు వచ్చినా తాము రైతులమేనని ఆ కుటుంబం తనకు తాను గుర్తు చేసుకునే రోజు ఇది అట. తినకూడని విత్తనాన్ని ఏడాదికొక్కసారి, అదీ ఇరుగుపొరుగుతో పంచుకుని తినడంలోనే వాళ్ళ గుర్తింపు ఉందట. వింటూ వింటూ దాసమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తన పొరపాటులో ఇంత గొప్పతనం ఉందని ఆమెకు అప్పటిదాకా తెలీదు.

"చౌడక్క మోకాళ్ళ నొప్పులతో యాడికీ కదల్దు, అందుకే ఆయమ్మ పేరు చెప్పింటి," అని ఇప్పుడు గొణిగింది.

"నీ కోడలు నిన్న చౌడక్కకు ఫోన్ చేసింది. గైడమ్మకు మీ నోటితో చెప్పల్లవ్వా అనింది. ఆయమ్మ ఏమన్నదో తెల్సునా? 'పదేండ్లాయ నాయనా వ్యానెక్కి, పొద్దున్నే రా' అన్నది." నాగరాజు తాళాలు జేబులో వేసుకున్నాడు. "నేనిప్పుడు నల్లమాడకు పోయి ఆయమ్మను తెస్తా. ఆయమ్మ వచ్చి, 'తొలిమిండా, అదేందీ' అంటే, గైడు ముందర మాధవి మొగం యాడ పెట్టుకోవల్ల? రోజూ హిందూపురం బస్సెక్కి, కాలేజీలో పాఠాలు చెప్పి, ఆరింటికి ఇంటికొచ్చి రాసుకుండే మనిషి మా! నాలుగేండ్లు!"

వరండాలోంచి తిమ్మప్ప పేపరు దించకుండానే అడిగాడు. "ఏందప్పా ఆడ గుసగుసలు? సోదియాలజీనా?"

సోషియాలజీ అనే మాటను తిమ్మప్ప అయిదేళ్ళుగా అలాగే పలుకుతున్నాడు. నోరు తిరగక కాదు. పెళ్ళాం చెప్పడం, కోడలు రాసుకోవడం రోజూ చూస్తున్న మనిషికి అదే సరైన పేరనిపించింది.

"ఏంలే నాయనా!" అని నాగరాజు తల్లి వైపు వంగాడు. "వచ్చేటప్పుడు కొత్తచెరువు బస్టాండులో చౌడక్కకు టీ తాపిస్తా. అర్ధగంట దొరుకుతాది నీకు. ఆలోపల నువ్వే చెప్పు. లేదంటే నేనొచ్చి చెప్తా."

వ్యాను వెళ్ళిపోయింది. దాసమ్మ మళ్ళీ పొత్రం కడిగింది.

చెప్పకూడదని కాదు. చెబితే స్టూలు పోతుంది.

మాధవీలత ఈ ఇంటికి వచ్చి అయిదేళ్ళు. మొదటి నాలుగేళ్ళలో అత్తాకోడళ్ళ మధ్య నడిచిన సంభాషణ మొత్తం మూడు మాటలు. "తిన్నావా?" "తిన్నాను." "సరే." ఇద్దరూ మంచివాళ్ళే. అందుకే పోట్లాట కూడా లేదు. పోట్లాటైనా ఉంటే ఇంట్లో కాస్త సందడి ఉండేది.

తొలిమిండి పుట్టిన మర్నాడు కోడలు ఎర్ర ప్లాస్టిక్ స్టూలొకటి తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన వేసుకుంది. నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుంది. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అంతే.

"ఫీల్డు వర్కు అత్తమ్మా," అంది మొదటిరోజు.

"ఫీల్డంటే చేనే గదా? చేనికి పోకుండా వంటింట్లో ఫీల్డేంది?"

"మనుషులుండేదంతా ఫీల్డే. సమాజంలో ప్రతి మనిషికీ ఒక రోల్ ఉంటుంది. మీ రోల్ ఏందో నేను రాసుకోవాల."

"నా రోలు పెరట్లో ఉండాది. పోయి చూసి రాసుకో."

మాధవీలత పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వడం దాసమ్మ వినడం అదే మొదలు. అరవై రెండేళ్ళ బతుకులో దాసమ్మ మాటలు విన్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. వినక తప్పదు మరి, ఆ గొంతు అలాంటిది. కానీ రాసుకున్నవాళ్ళు? ఒక్కతే. ఆ ఒక్కతీ నిజం తెలిసిన రోజున స్టూలు మడిచి... ప్లాస్టిక్ స్టూలు మడవడానికి రాదు గానీ, ఎత్తుకుని వెళ్ళిపోతుంది.

"అక్కా! కారొచ్చె!" కుళ్ళాయమ్మ గోడ మీదుగా ప్రకటించింది. "తొమ్మిదింబావుకే వచ్చేసినారు!"

ధైర్యం కూడగట్టుకోవడానికి అరగంట కాదు గదా, అర నిమిషం కూడా దొరకలేదు.

సుధ మేడమ్ యాభై దాటిన మనిషి. నూలు చీర, భుజాన గుడ్డ సంచి. కుర్చీ వేసేలోపే రోటి పక్కన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గైడంటే పరీక్షల ముందు అంగట్లో కొనుక్కొచ్చే పుస్తకమని ఇన్నాళ్ళూ అనుకున్న తిమ్మప్ప, నడిచి వచ్చిన గైడును చూసి పేపరు మడిచి లేచి నిలబడ్డాడు.

"వీళ్ళే మేడమ్ మా అత్తమ్మ," అంది మాధవీలత.

ఆ మాట విని దాసమ్మ తల రోటి వైపు వంచుకుంది. పుట్టింట్లో నేసిన కొత్త పట్టుచీరను పదిమంది ముందు విప్పి చూపించే గొంతు అది.

"అమ్మా, మీరు మామూలుగా ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. మేం అడ్డం రాం," అంటూ సుధ మేడమ్ చిన్న రికార్డరు తీసి రోటి అంచున పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. స్టూలూ ఎరుపే, దీపమూ ఎరుపే, దాసమ్మ మొహమూ అదే రంగు.

దాసమ్మ వేయించిన గింజలు రోట్లో పోసింది. ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, చింతపండు, ఉప్పు. పొత్రం తిరగడం మొదలుపెట్టింది.

ఇంతలో కుళ్ళాయమ్మ పట్టుచీర కట్టుకుని, మూత పెట్టిన గిన్నెతో గేటు తీసుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగడం ఆమెకు చేతకాదు.

"మా వీధిలో పద్నాలుగిండ్లు చేస్తాండాం మేడమ్! మా మరిదోళ్ళు హిందూపురంలో మిక్సీలో వేసి, వాట్సాప్‌లో ఫోటో కూడా పెట్టినారు. రోట్లోనే నూరల్ల, మిక్సీ పనికిరాదు, ఆచారం చెడ్తాదని నేనే తిట్టినా."

"ఎప్పటి నుంచి ఉందమ్మా ఇది?"

"అయ్యో, మా అవ్వ కాలం నుంచీ ఉండేదే! మా అవ్వ నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని తినిపిస్తాండె."

దాసమ్మ చేతిలో పొత్రం ఆగిపోయింది. కోతలు కోసింది తానొక్కతే అనుకుంది. ఇక్కడ పంట మొత్తం కుళ్ళాయమ్మ కోసుకుపోతోంది.

"మీకెవరు నేర్పారు దాసమ్మగారూ?" సుధ మేడమ్ ఇటు తిరిగింది.

"వీళ్ళ పెద్దమ్మ, చౌడక్కవ్వ. దారిలో ఉన్నారు మేడమ్, వస్తున్నారు," మాధవీలత అందుకుంది. నోట్‌బుక్కు తెరిచింది. పెన్ను మూత తీసింది. అత్త వైపు చూసి, చెప్పండి అన్నట్టు చిన్నగా తలాడించింది.

ఆ తలాడించడమే కొంప ముంచింది. తిట్టి ఉంటే, అనుమానంగా చూసి ఉంటే దాసమ్మ ఇంకో పది ఆచారాలు కని పారేసేది. నమ్మిన మొహం ముందు మాత్రం అబద్ధానికి నోరు పెగల్లేదు.

"ఎవురూ నేర్పలే," అంది.

"అంటే?"

"అంటే, పోయినేడు డబ్బా మారిపాయ. వంటకని విత్తనాలు వేయించేస్తి. కోడలొచ్చి యాలని అడిగె. తప్పు జేసినానని చెప్పుకోడానికి నామోషీ అయ్యె. ఆచారమంటి. చౌడక్క అంటి. అంతే మేడమ్. ఆచారమూ లేదు, గీచారమూ లేదు. ఈ పాపది ఏం తప్పు లేదు. నాది. రాసుకోండి."

 

మొదట తేరుకున్నది కుళ్ళాయమ్మ. "మరి మా అవ్వ...?"

"మీ అవ్వ పోయి ఎన్నేండ్లాయ కుళ్ళాయమ్మా?"

"ఇరవయ్యేండ్లు."

"నేను కల్పించింది పోయిన జూన్‌లో."

కుళ్ళాయమ్మ చేతిలోని గిన్నె మూత సర్దింది. "అయినా తినిపిస్తాండె అక్కా. నాకు బాగా గుర్తుండాది."

తిమ్మప్ప వరండా దిగి వచ్చాడు. "అంటే పోయినేడు నాలుగు సాళ్ళకు విత్తనం తక్కువొచ్చింది అందుకా! ఆచారానికి వేరేగా గింజలు తీసిపెట్టినావనుకుని, గువ్వలు తినిపోయినాయని ఆటిని ఏడాదంతా తిట్టుకుంటి గదనే!"

సుధ మేడమ్ పెదవులు బిగబట్టుకుంది. నవ్వును పళ్ళ మధ్య ఆపుకోవడం ఎంత కష్టమో ఆమె భుజాలు చెబుతున్నాయి. కానీ మాధవీలత వైపు చూసి సర్దుకుంది.

"ముప్ఫయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను మాధవీ. పోయిన ఆచారాల గురించి రాశాను, పోతున్నవాటి గురించి రాశాను. పుట్టిన తేదీతో సహా దొరికింది ఇదొక్కటే. కానీ అధ్యాయం ఇప్పుడున్నట్టు ఉండటానికి వీల్లేదు. కొత్తగా రాస్తావా, మొత్తం తీసేస్తావా? పది రోజులుంది. నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

మాధవీలత అత్త వైపు చూడకుండానే నోట్‌బుక్కు మూసింది. పెన్ను మూత పెట్టింది. లేచి ఇంట్లోకి వెళ్ళింది. స్టూలు ఒక్కటే మిగిలింది.

దాసమ్మ మళ్ళీ నూరడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి తిప్పకపోతే కళ్ళలోంచి ఏదో కారేట్టుంది. ఎవరైనా చూస్తే మిరపకాయల మీదికి నెట్టేయవచ్చు. పరిశోధన పరిశోధన అంటే ఏమో అనుకుంది. చివరికది తనకు శోధనే అయింది.

లోపల బీరువా తలుపు చప్పుడైంది. సొరుగు లాగిన చప్పుడైంది. బట్టలు సర్దుకుంటోందా? ధర్మవరం కారు బయటే ఉంది కదా. దాసమ్మ చెయ్యి వేగంగా తిరిగింది. ఊరిమిండి మెత్తగా అయి, గంధమయ్యే దాకా వచ్చింది.

మాధవీలత బయటికి వచ్చింది. చేతిలో పెట్టె లేదు. ఇంకో నోట్‌బుక్కు ఉంది, నీలం అట్టది. స్టూలు లాక్కుని, రోజూ కూర్చునేంత దగ్గరగా, అత్త పక్కనే కూర్చుంది.

"యాలత్తమ్మా అబద్ధం చెప్పినారు?"

"చెప్తి గదా. నామోషీకి."

"అది మొదటిరోజు. తర్వాత? ఏడాదంతా?"

దాసమ్మ పొత్రం మీది నుంచి చెయ్యి తీసింది. "నువ్వు స్టూలేసుకుని కూచుంటివి. లేపబుద్ధి కాలే."

మాధవీలత నీలం నోట్‌బుక్కు తెరిచింది. పైకి చదివింది. మేడమ్ ఉందని గానీ, మామ ఉన్నాడని గానీ చూడలేదు.

"ఫిబ్రవరి ఏడు. అత్తమ్మ పాలాయన్ను తిట్టిన తిట్లు, మొత్తం తొమ్మిది. అందులో కొత్తవి రెండు. ఫిబ్రవరి పంతొమ్మిది. ఉగ్గానికి బొరుగులు ఎంతసేపు నానాలో చెప్పినారు. 'నీకు తెలిసిపోతాదిలే' అన్నారు. తెలియలేదు. మార్చి నాలుగు. మామయ్య పెండ్లిచూపులకు వచ్చి వేరేవాళ్ళ చెప్పులు తొడుక్కుని పోయిన కథ. అయిదోసారి. ఈసారి చెప్పులు మూడయినాయి."

"రెండే!" అన్నాడు తిమ్మప్ప.

"ఇవన్నీ నీ పుస్తకంలో యాడొస్తాయి పాపా?" దాసమ్మ అయోమయంగా అడిగింది.

"యాడా రావు. నా ఇంటర్వ్యూలన్నీ డిసెంబర్‌లోనే అయిపోయినాయి."

"మరి ఆర్నెల్లుగా రాసుకుంటాండేది?"

మాధవీలత నోట్‌బుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "స్టూలు తీసేయబుద్ధి కాలే."

సుధ మేడమ్ రికార్డరు ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. కుళ్ళాయమ్మ మాత్రం తానే మొదట నవ్వానని ఆ తర్వాత వీధంతా చెప్పుకుంది.

"మేడమ్, తీసేయను," అంది మాధవీలత కళ్ళు తుడుచుకుంటూ. "'తరతరాలుగా' అనే మాట ఆ అధ్యాయంలో పన్నెండు చోట్ల ఉంది. పన్నెండూ కొట్టేస్తాను. పోయిన జూన్ నుంచి అని రాస్తాను. ఒక పొరపాటు పద్నాలుగిళ్ళకు ఆచారం ఎందుకయ్యిందో, కుళ్ళాయమ్మగారికి వాళ్ళ అవ్వ ఎట్లా గుర్తొచ్చిందో అది రాస్తాను. పది రోజులు చాలు. డబ్బా దగ్గర మొదలుపెడతాను."

"డబ్బా సంగతి కూడానా?" దాసమ్మ అదిరిపడింది.

"డబ్బానే ముందు."

ఏడాదిగా ఆ ఆచారం గురించి డబ్బా కొట్టుకున్నందుకు చివరికి ఆ డబ్బానే గ్రంథానికెక్కబోతోంది.

"ఒక్కటి మాత్రం తెలియలేదత్తమ్మా." మాధవీలత నీలం నోట్‌బుక్కు మళ్ళీ తెరిచింది. "డబ్బా మారింది, సరే. ఊరిమిండి రోజూ చేసేదే, సరే. తొలిమిండి అనే పేరు, తొలి ముద్ద పక్కింటికి పంపాలనేది, ఆ ఒక్క నిమిషంలో యాడ్నించి వచ్చినాయి?"

దాసమ్మ చెప్పబోయింది. ఆగింది. "ఏమో పాపా. నోటికొచ్చినాయి."

"నోటికెట్ల వచ్చినాయి?"

దాసమ్మ తన నోటి గురించి అరవై రెండేళ్ళలో మొదటిసారి ఆలోచనలో పడింది. అప్పుడే గేటు బయట వ్యాను హారను మోగింది.

నాగరాజు భుజం పట్టుకుని చౌడక్క దిగింది. ఎనభై ఆరేళ్ళు. వెలిసిన గళ్ళ చీర, చేతికర్ర. పెరట్లోకి వస్తూనే అక్కడున్న వాళ్ళనెవరినీ పలకరించలేదు. మాధవీలత లేచి ఇచ్చిన ఎర్ర స్టూలు మీద కూర్చుని, కర్ర గోడకు ఆనించి, రోట్లోకి వంగి చూసింది.

"ఏమే దాసమ్మా. పచ్చి గింజలు మూడు పైన పెట్టలేదేమే?"

"పెద్దమ్మా...?"

"పక్కింటికి పోయే ముద్ద మీద పచ్చివి మూడు పెట్టల్ల గదే! వేగినోటికి పచ్చివి తోడు పోవల్లని నీకు ఎన్ని తూర్లు చెప్తి? పావడా కట్టుకున్నప్పటి నుంచీ నీకు అంతే. సగం వింటావు, సగం మర్సిపోతావు."

కుళ్ళాయమ్మ తన గిన్నె మూత తీసి, పచ్చి గింజలున్నాయేమో చూసుకుంది. రికార్డరు ఎర్ర దీపం మాత్రం కన్నార్పకుండా చూస్తోంది.

దాసమ్మ కొడుకు వైపు చూసింది. నాగరాజు వంటింటి మీది రేకుల్లో చూపులతో ఏదో వెతుకుతున్నాడు. తాళాలు వేలికి తిప్పుతున్నాడు. మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, చుట్టడం తెలిసినవాడు.

"ఏమండీ," మాధవీలత నెమ్మదిగా అడిగింది, "దారిలో అవ్వకు ఏమన్నా చెప్పినారా?"

"నేనా? టీ తాపిచ్చినా."

"ఎంతసేపు?"

"అర్ధగంట. శానా వేడిగా ఉండె."

చౌడక్క రోట్లో వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. కళ్ళు మూసుకుంది. "ఉప్పు తక్కువ," అంది. "మీ అమ్మ చెయ్యే వచ్చిండాది నీకు."

తర్వాత కళ్ళు తెరిచి, మాధవీలత చేతిలో పెన్ను ఆగిపోయి ఉండటం చూసింది.

"యాల నిలిపేస్తివి పాపా? రాసుకో. నేను చెప్పేదాన్నే."

అని నవ్వింది.

ఆ నవ్వు దాసమ్మకు తెలుసు. పోయిన జూన్‌లో, దోరగా వేగిన శేరు విత్తనాల ముందు గరిటె పట్టుకుని నిలబడి, కోడలి కళ్ళలోకి చూస్తూ తాను నవ్విన నవ్వు అచ్చం ఇదే.